యంత్రం లేని వైన్ నేలమాళిగ: ఎక్కడ కప్పాలి, ఎక్కడ వదిలేయాలి

నేను కట్టిన మొదటి వైన్ గది చూడటానికి ముచ్చటగా ఉండేది. నాలుగు గోడలకూ పైకప్పుకూ ఫోమ్ పలకలు బిగించాను. నేల మీద కూడా పరిచాను. ఎక్కడా సందు వదల్లేదు. అయినా వేసవి ముగిసేసరికి లోపలి ఉష్ణోగ్రత ఇంటి ఉష్ణోగ్రతకు రెండు డిగ్రీల దూరంలోకి వచ్చి కూర్చుంది. కారణం అర్థమయ్యాక నా మీద నాకే నవ్వొచ్చింది. ఇన్సులేషన్‌కు చల్లదనాన్ని పుట్టించే శక్తి లేదు. వేడి రాకను ఆలస్యం చేయడమే దాని పని. శీతల యంత్రం లేని గదిలోకి చేరిన వేడిని తిరిగి పీల్చుకోగలిగింది నేల ఒక్కటే. ఆ నేలకూ గదికీ మధ్య నా చేతులతో నేనే అడ్డు కట్టాను. మరుసటి ఏడాది నేల మీది పలకలను, మట్టిని ఆనుకున్న గోడల కింది పలకలను ఊడదీశాకే గది దారికి వచ్చింది.

అందుకే ఈ మార్గదర్శిలో పలకలు బిగించే పద్ధతి కంటే వాటిని ఎక్కడ బిగించకూడదనే దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

వైన్ కోరుకునేది

ఏళ్ల తరబడి దాచే వైన్‌కు 12, 13 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది. 10 నుంచి 15 మధ్య ఎక్కడున్నా ఇబ్బంది లేదు. చలికాలంలో 9, వేసవి చివర 16 అయినా ఆ మార్పు నెలల మీద మెల్లగా జరిగితే సీసా తట్టుకుంటుంది. రోజూ ఐదారు డిగ్రీలు ఎగిరి పడటమే చేటు. ద్రవం వ్యాకోచించి, సంకోచించి బిరడాను కదుపుతుంది. ఆ సందులో గాలి చొరబడుతుంది. 25 డిగ్రీలు దాటి చాలాకాలం ఉంటే వైన్ తొందరగా ముసలిదవుతుంది. మరో కొసన, 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ మైనస్ 5 డిగ్రీల ప్రాంతంలో గడ్డకట్టడం మొదలవుతుంది. గాలిలో తేమ 60, 70 శాతం ఉండాలి. 50 కంటే తగ్గితే బిరడాలు ఎండుతాయి, 80 దాటితే లేబుళ్లకు బూజు పడుతుంది. చీకటి, కుదుపు లేని చోటు, ఘాటైన వాసనలు లేని గాలి కూడా కావాలి.

మొదటి మెట్టు: ఏడాది పాటు కొలవడం

ఎవరూ వినని సలహా ఇదే. అయినా చెబుతాను. గది కడదామనుకున్న చోట ఒక సీసా నిండా నీళ్లు పోసి, అందులో థర్మామీటర్ కొన ముంచి, మూతి బిగించి, ఏడాది ఉంచండి. గాలిలో వేలాడదీసిన థర్మామీటర్ తలుపు తీసినప్పుడల్లా ఎగిరిపడుతుంది. నీటిలో ఉన్నది మాత్రం వైన్ అనుభవించే ఉష్ణోగ్రతనే చెబుతుంది. వారానికి ఒకసారి రాసుకుంటే చాలు.

ఈ కొలత ఎందుకంటే, నేల అన్నిచోట్లా చల్లగా ఉండదు. చాలా లోతున మట్టి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా నిలుస్తుంది. పారిస్ వేధశాల కింద 28 మీటర్ల లోతున ఉన్న సొరంగాల్లో 1783లో రసాయన శాస్త్రవేత్త లవోయిజే థర్మామీటర్ పెట్టారు. అక్కడ ఏడాది పొడవునా 12 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉండేది. ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరం కింద సుద్దరాతి గోతుల్లో షాంపేన్ దాచుకోగలుగుతున్నది కూడా ఇదే కారణం వల్ల. ఏడాది సగటు 8 నుంచి 13 డిగ్రీలు ఉన్న చోట యంత్రం లేని గది చక్కగా పనిచేస్తుంది. 15, 16 అయితే కొన్నేళ్లలో తాగేసే వైన్‌కు సరిపోతుంది. సగటే 25 దాటే వేడి ప్రాంతంలో ఎంత లోతు తవ్వినా 25 డిగ్రీల మట్టే తగులుతుంది. అక్కడ శీతల యంత్రం తప్పదు. అప్పుడు లెక్క తిరగబడి, నేలతో సహా అన్ని వైపులా కప్పాలి. ఏ పద్ధతో ముందే తేల్చుకోకుండా సగం అటూ సగం ఇటూ కట్టిన గది దేనికీ పనికిరాదు.

లోతు సంగతి కూడా లెక్కకు అందేదే. సాధారణ మట్టిలో రాత్రీ పగలూ తేడా 12 సెంటీమీటర్ల లోతుకే దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అంటే పగటి ఎండ గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. చలికాలం, వేసవి మధ్య తేడా అలా తగ్గాలంటే మాత్రం 2.2 మీటర్లు దిగాలి. నేలపైన సగటు 11 డిగ్రీలు, అటూ ఇటూ 10 డిగ్రీల ఊపు ఉందనుకుందాం. 2.2 మీటర్ల లోతున ఆ ఊపు 3.7 డిగ్రీలే. అంటే 7 నుంచి 15 వరకు. నాలుగున్నర మీటర్ల లోతుకు వెళ్తే ఒకటిన్నర డిగ్రీ కూడా ఉండదు. పైగా 2.2 మీటర్ల దగ్గర ఋతువు సుమారు రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది. పైన ఎండలు తగ్గిపోయాక కింద వేసవి మొదలవుతుంది. మట్టి రకం, తడిని బట్టి ఈ అంకెలు కొంత మారుతాయి. ఇల్లు కూడా తన కింది నేలను కొద్దిగా వేడెక్కిస్తుంది. అందుకే లెక్క ఎంత బాగున్నా సీసాలోని థర్మామీటర్ మాటే చివరి మాట.

రెండో మెట్టు: మూల ఎంపిక

నేలమాళిగలో రెండు వైపులా మట్టిని ఆనుకున్న మూల కావాలి. ఎండ తక్కువ తగిలే వైపు అయితే మరీ మంచిది. ఉత్తరార్ధ గోళంలో అది ఉత్తరం వైపు. గోడ వెలుపల నేల మీద తారు, రాతి పలకలు ఉంటే అవి ఎండను తాగి వేడిని కిందికి దింపుతాయి. గడ్డి, పొదల నీడ ఉన్న నేల చల్లగా ఉంటుంది. బాయిలరు, వేడి నీటి గొట్టాలు, బట్టలుతికే యంత్రం ఉన్న వైపు వద్దు. మెట్ల కింది ఖాళీ చాలామందిని ఊరిస్తుంది. రోజంతా అడుగుల చప్పుడు, కుదుపు, పైగా మూడు వైపులా వెచ్చని ఇల్లు. దాన్ని వదిలేయండి. కిటికీ ఉంటే ఫోమ్‌తో, ఇటుకతో శాశ్వతంగా మూసేయండి.

మూడో మెట్టు: చెమ్మ, పునాది, రేడాన్

పలకలు కొనకముందే గోడ చెమ్మను పరీక్షించాలి. అర మీటరు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. గది వైపు నీటి చుక్కలు పడితే గాలిలో తేమ ఎక్కువ ఉన్నట్టు. గోడ వైపు పడితే నీరు మట్టిలో నుంచి వస్తున్నట్టు. రెండోదైతే దానికి విరుగుడు గది బయట ఉంది. చూరు నీళ్లు గోడకు దూరంగా పోయేలా గొట్టం పొడిగించాలి, నేల వాలు ఇంటి నుంచి బయటికి ఉండేలా సరిచేయాలి. లోపల రంగు పూసి నీటిని ఆపుదామనుకునేవారు ఒక వానాకాలం ఆగి చూస్తే చాలు. గోడ కొద్దిగా చల్లగా, తేమగా ఉండటం మాత్రం మనకు మేలే. నీరు కారకూడదు, అంతే.

లోతు పెంచాలని పునాది మట్టం కిందికి తవ్వే ఆలోచన వస్తే అక్కడే ఆగి నిర్మాణ ఇంజినీరును పిలవండి. పునాది పక్క మట్టి తీసేస్తే గోడ జారుతుంది. మాటవరసకు చెప్పడం లేదు.

మూసి ఉంచే భూగర్భ గదిలో, మట్టిలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పేరుకునే అవకాశం ఉంది. దానికి రంగూ వాసనా లేవు. ఊపిరితిత్తుల కేన్సర్‌కు అది ఒక కారణం. చిన్న పరికరంతో కొలవవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్లు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). ఎక్కువగా ఉంటే మట్టి నేలను అలాగే వదలకుండా మందపాటి ప్లాస్టిక్ పొర పరిచి పైన పలుచగా కాంక్రీటు పోయాలి. ప్లాస్టిక్ పొర వాయువును ఆపుతుంది కానీ వేడి దారికి అడ్డురాదు కనుక మన గదికి నష్టం లేదు. పొర వేశాక మళ్లీ కొలవండి. తగ్గకపోతే పొర కింది వాయువును గొట్టంతో బయటికి లాగే ఏర్పాటు కావాలి, అది నిపుణుల పని. రేడాన్ తక్కువ ఉన్న చోట మట్టి మీద కంకర పరిచిన నేలే నాకు ఇష్టం. తేమ తనంతట తాను సర్దుకుంటుంది.

నాలుగో మెట్టు: కప్పాల్సిన చోట్లు, కప్పకూడని చోట్లు

గదికి ఆరు ముఖాలున్నాయి. ప్రతి ముఖం ముందు నిలబడి ఒకే ప్రశ్న వేసుకోండి: దీని వెనక ఉన్నది గది కంటే వెచ్చగా ఉందా, చల్లగా ఉందా?

పైకప్పు వెనక ఇల్లు. అది ఎప్పుడూ వెచ్చనే. పైగా గదిలోని వెచ్చని గాలి కూడా అక్కడికే చేరుతుంది. అందుకే అన్నిటికంటే మందమైన పొర అక్కడే: 150 మిల్లీమీటర్లు. ఇంటి వైపు అడ్డుగోడలకు 100 మిల్లీమీటర్లు. తలుపు కూడా గోడలో భాగమే, దాని సంగతి తర్వాత.

మట్టిని ఆనుకున్న గోడలు రెండు ముక్కలుగా చూడాలి. బయటి నేల మట్టానికి పైనున్న భాగం, దాని కింద ఒక మీటరు వరకు, ఋతువులతో పాటు వేడెక్కి చల్లబడుతుంది. ఆ మేరకు కప్పండి. అక్కడి నుంచి అడుగు వరకు గోడను బోసిగా వదిలేయండి. నేలను అసలు ముట్టుకోవద్దు. మొదటిసారి నేను చెడగొట్టింది సరిగ్గా ఈ భాగాన్నే.

వెలుపల తవ్వే వీలుంటే పై భాగం పలకలను గోడ బయటి ముఖానికి అంటించడం మేలు. అప్పుడు గోడ మందమంతా చల్లదనాన్ని పట్టి ఉంచుతూ గది పక్షాన ఉంటుంది. తవ్వినప్పుడే ఇంకో పని చేయవచ్చు: 50 మిల్లీమీటర్ల ఫోమ్ పలకలను ఒక అడుగు లోతున, గోడ నుంచి 1.2 మీటర్ల వెడల్పున, బయటికి వాలుగా గొడుగులా పరచాలి. వేసవి వేడి గోడను చేరాలంటే ఆ గొడుగు అంచు చుట్టి రావాలి. ఆ చుట్టుదారితో ఊపు ఇంకా తగ్గుతుంది. లోపలే అంటించాల్సి వస్తే పలకకూ కాంక్రీటుకూ మధ్య గాలి సందు లేకుండా జిగురు అంతటా పూయండి. సందు మిగిలితే చలికాలంలో గది తేమ అందులో నీరుగా మారి, కనిపించని చోట బూజు పెడుతుంది.

ఈ శ్రమంతా ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చూద్దాం. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల ఎత్తు గది. ఇంటి వైపున్న పైకప్పు, రెండు అడ్డుగోడలు కలిపి 18 చదరపు మీటర్లు. ఇల్లు 22 డిగ్రీలు, గది 14. మామూలు జిప్సం బోర్డు అడ్డుగోడలే ఉంటే సుమారు 290 వాట్ల వేడి లోపలికి కారుతూ ఉంటుంది. ముగ్గురు మనుషులు రాత్రీ పగలూ ఆ గదిలో కూర్చున్నట్టే. అన్నిచోట్లా 100 మిల్లీమీటర్ల ఫోమ్ వేసినా అది 45 వాట్లకు దిగుతుంది. అంటే పాతకాలపు 60 వాట్ల బల్బు కంటే తక్కువ. అంతటి వేడినైతే నేల చప్పుడు చేయకుండా మింగేస్తుంది.

ఏ పలక కొనాలి? నేను ఎక్స్‌పీఎస్ అనే గట్టి పాలీస్టైరీన్ ఫోమ్‌కే ఓటు వేస్తాను. నీరు పీల్చదు, నొక్కితే నలగదు. పాలీయురెథేన్, దానికి దగ్గరి రకమైన పీఐఆర్ ఫోమ్ పలకలు అదే మందంలో ఇంకా బాగా ఆపుతాయి. చోటు ఇరుకైతే అవి మేలు. రాతి ఉన్ని, గాజు ఉన్ని ఇంటి పైభాగానికి మంచివే. ఈ తేమ గదిలో మాత్రం తడిస్తే వాటి గుణం పోతుంది. ఏ ఫోమ్ వేసినా దాన్ని బయటికి కనబడేలా వదలకూడదు. నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుంది. తేమను తట్టుకునే జిప్సం బోర్డుతోనో సిమెంటు బోర్డుతోనో మూసేయాలి.

ఐదో మెట్టు: అడ్డుగోడ పొరల వరస

ఇంటి వైపు నుంచి గది వైపుకు వరస ఇది: జిప్సం బోర్డు, ఆవిరిని ఆపే 0.15 మిల్లీమీటర్ల పాలిథిన్ పొర, చెక్క చట్రం మధ్య ఫోమ్, చట్రం మీదుగా ఎక్కడా తెగకుండా 50 మిల్లీమీటర్ల ఇంకో ఫోమ్ పలక, చివరికి తేమను తట్టుకునే బోర్డు.

పాలిథిన్ వెచ్చని వైపే ఉండాలి. ఇంట్లో 22 డిగ్రీల వద్ద 50 శాతం తేమ ఉన్న గాలి 11 డిగ్రీల ఉపరితలాన్ని తాకితే మంచులా చెమర్చడం మొదలవుతుంది. గోడ లోపల అంత చల్లని చోటికి ఆ గాలి చేరకుండా చూసేదే ఈ పొర. జాగ్రత్త ఎక్కువై రెండు వైపులా ప్లాస్టిక్ వేసేవాళ్లున్నారు. మధ్యలో చిక్కిన చెమ్మకు దారి లేక చెక్క కుళ్లుతుంది. పొర అతుకులు 15 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి వచ్చేలా టేపు వేయండి. స్విచ్ పెట్టె కోసం చేసిన కోత, తీగ దూర్చిన చిల్లు కూడా సిలికాన్‌తో మూసేయాలి. చిల్లు కుండ సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

చట్రం మీదుగా రెండో పలక ఎందుకంటే, చెక్క ఫోమ్ కంటే దాదాపు నాలుగు రెట్లు వేడిని పోనిస్తుంది. ఇనుప చట్రమైతే చెప్పనక్కర్లేదు. పైకప్పులో దూలాల మధ్య ఖాళీకీ ఇదే సూత్రం. దూలాల కొసలు బయటి గోడ మీద ఆనే చోట సందులుంటాయి, పనివాళ్లు తరచూ మరిచిపోయేది అదే. ఫోమ్ ముక్కలు కోసి దూర్చి అంచులు మూసేయండి.

ఇక ఒక హెచ్చరిక. చెక్కకు పురుగు మందు పూయించేటప్పుడు అందులో క్లోరోఫినాల్ లేదని తేల్చుకోండి. బూజు ఆ పదార్థాన్ని టీసీఏ అనే రసాయనంగా మారుస్తుంది. బిరడా వాసన పట్టిన వైన్‌కు తడి అట్టపెట్టె లాంటి కంపు తెచ్చేది అదే. ఆ వాసన గది గాలికి, చెక్కకు పట్టిందంటే వదలదు. గోడలు కడగడానికి క్లోరిన్ బ్లీచ్ వాడకూడదనడానికీ కారణం ఇదే. రంగులు, జిగుర్లు ఆరాక గదిని కనీసం నాలుగు వారాలు తెరిచి ఉంచి, ముక్కుకు ఏ వాసనా తగలనప్పుడే సీసాలు తెండి.

ఆరో మెట్టు: తలుపు

అందమైన గాజు తలుపు మీద మోజు ఉంటే ఇప్పుడే వదులుకోండి. లోపల ఫోమ్ నింపిన, వీధి గుమ్మానికి వాడే రకం తలుపు పెట్టించండి. నాలుగు అంచులా రబ్బరు పట్టీ, అడుగున గడప ఉండాలి. చల్లని గాలి బరువుగా ఉండి అడుగు సందులోంచే జారిపోతుంది. పరీక్ష సులభం: తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే పట్టీ సరిపోలేదు. గదిలో బలమైన లైటు వేసి, బయట చీకటి చేసి చూస్తే మిగిలిన సందులు గీతల్లా మెరుస్తాయి. చోటుంటే ఒక మీటరు దూరంలో రెండో తలుపు పెట్టుకోండి. ఒకటి మూసాకే ఇంకొకటి తెరిచే అలవాటు వస్తుంది.

ఏడో మెట్టు: గాలి

గదికి గాలి మార్గాలు రెండు ఉండాలి, రెండింటికీ బిగుతుగా మూసే మూతలుండాలి. 100 మిల్లీమీటర్ల గొట్టాలు చాలు. లోపలికి వచ్చేది నేల నుంచి ఒక అడుగు ఎత్తులో తెరుచుకోవాలి, బయటికి పోయేది ఎదుటి మూలలో పైకప్పు దగ్గర ఉండాలి. ఎలుకలు, పురుగులు రాకుండా సన్నని జాలీ బిగించండి.

చలికాలపు రాత్రులు ఇక్కడ అదనపు పెట్టుబడి. బయట గది కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడు మూతలు తెరిచి, గోడలనూ నేలనూ చల్లబరచాలి. ఆ చల్లదనం వేసవిలో ఖర్చవుతుంది. వసంతం ముదిరాక మూతలు మూసేసి మళ్లీ చలి మొదలయ్యేదాకా ముట్టుకోకండి. వేసవిలో ‘గాలి ఆడటం లేదు’ అని తెరిచేవారు రెండు విధాలా నష్టపోతారు. 30 డిగ్రీల వద్ద 60 శాతం తేమ ఉన్న ఘనపు మీటరు గాలిలో 18 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 14 డిగ్రీల గది మోయగలిగింది 12 గ్రాములే. మిగిలిన 6 గ్రాములు గోడలకు చెమటలా పడుతుంది. మన చిన్న గదిలో గాలి ఒక్కసారి పూర్తిగా మారితే అది 85 గ్రాముల నీరు. చలికాలంలో కథ తిరగబడుతుంది. చల్లని గాలి లోపల వెచ్చబడి పొడిబారుతుంది. తేమ 50 శాతానికి దిగుతుంటే కంకర మీద ఒక చెంబు నీళ్లు చల్లితే సరి.

ఎనిమిదో మెట్టు: సీసాలు పేర్చడం

నిండిన గది ఖాళీ గది కంటే స్థిరంగా ఉంటుంది. 500 సీసాలను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు అర కిలోవాట్ గంట శక్తి కావాలి. ఇందాకటి 45 వాట్లతో అది దాదాపు 11 గంటల పని. సేకరణ ఇంకా చిన్నదైతే ఖాళీ అరల్లో నీళ్లు నింపిన సీసాలు పెట్టండి, నీరు కూడా దాదాపు వైన్ అంత వేడిని పట్టి ఉంచుతుంది. బరువు మాత్రం మరవకండి. 500 సీసాలంటే 650 కిలోలు, అరలు అదనం. అరలను గోడకు బిగించండి, కానీ గోడకు అంటించకుండా నాలుగు వేళ్లు వదలండి. గాలి తిరగాలి, నేల చల్లదనం సీసాలను చేరాలి.

అడుగుకూ పైకప్పుకూ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా సహజం. షాంపేన్, సున్నితమైన తెల్ల వైన్లు అడుగు అరల్లో, ఎర్రవి మధ్యలో, ఆల్కహాల్ చేర్చి బలం పెంచిన పోర్ట్, మదీరా లాంటివి పైన పెట్టండి. చాలా రకాల మదీరాను తయారీలోనే 45 డిగ్రీలకు పైగా మూడు నెలలు వేడిలో ఉంచుతారు. మీ పై అర దానికో లెక్క కాదు. దీపం చిన్న ఎల్‌ఈడీ చాలు, దానంతట అదే ఆరిపోయే టైమరు పెట్టించండి. గదిలో ఫ్రిజ్ పెట్టాలనే కోరిక మాత్రం చంపుకోండి. దాని వెనక నుంచి వచ్చే వేడి మీ పలకల పనిని మింగేస్తుంది.

మొదటి ఏడాది

థర్మామీటర్ సీసాలు రెండు పెట్టండి, అడుగున ఒకటి, కంటి ఎత్తున ఒకటి. బయట ఎండలు తగ్గుముఖం పట్టాక కూడా లోపలి అంకె పెరుగుతూ ఉంటే కంగారు పడకండి. ఇది ఆ రెండు నెలల ఆలస్యం. గదిలో అసలు శిఖరం అప్పుడే వస్తుంది. ఆ శిఖరం 17 దాటితే, ముందు రెండు సీసాల తేడా చూడండి. తేడా నాలుగు డిగ్రీలకు మించితే వేడి పైకప్పు నుంచే దిగుతోంది, అక్కడ ఇంకో 50 మిల్లీమీటర్లు చేర్చండి. తేడా లేకుండా గదంతా ఒకేలా వెచ్చగా ఉంటే తలుపు పట్టీలు, గాలి మూతలు చూడండి. అవీ సరిగ్గా ఉంటే బయటి గోడ పక్కన ఆ గొడుగు పలకలు పరిచే పని మొదలుపెట్టండి. రాబోయే చలికాలంలో మూతలు నెల ముందే తెరవండి.